కాందిశీకులు, ముహాజిర్లు, ఉద్బాస్తులు: ఉత్తర తెలంగాణలో మూడు వలసలు

'కాందిశీకుడు' అనే పదం తెలుగు పత్రికలకు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, బర్మా నుంచి తెలుగువారు కాలినడకన తిరిగివచ్చిన రోజుల్లో బాగా అలవాటైంది. 'కాం దిశం', అనగా 'ఏ దిక్కుకు' అన్న ప్రశ్న నుంచి ఆ పదం పుట్టిందని వ్యుత్పత్తి చెబుతారు. భయంతో పరుగెత్తినవాడని అమరకోశం దానికి అర్థమిచ్చింది. దానికి బదులుగా నేడు వాడుతున్న 'శరణార్థి' అన్న మాటలో ఆ ప్రశ్న లేదు. శరణార్థి ఒక గుమ్మం ముందుకు వచ్చి నిలబడ్డవాడు. ఆ మాట అతన్ని ఆశ్రయమిచ్చేవారి వైపు నుంచి చూస్తుంది. ఎటు పోవాలనుకున్నాడు, ఎంతకాలం ఉండాలనుకున్నాడు, తిరిగి వెళ్ళాలనుకున్నాడా లేదా అన్న సంగతులు అందులో ఇమడవు. ఉర్దూలో 'ముహాజిర్' దీనికి భిన్నం. క్రీ.శ. 622లో ప్రవక్త మక్కా నుంచి మదీనాకు చేసిన హిజ్రత్‌ను తలపించే ఆ పదంలో ఊరు విడవడమే ఒక ధర్మాచరణ. బెంగాలీ 'ఉద్బాస్తు' మరొక తీరు. వాస్తువు నుంచి, అంటే తాతముత్తాతల ఇంటి పునాది నుంచి పెకలింపబడ్డవాడని దాని భావం. అది వెనుకకే చూస్తుంది.

ఈ మూడు పదాలకూ తగిన మనుషులు పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల నేల మీద పాతికేళ్ళ వ్యవధిలో కనిపిస్తారు. 1947–48లో నిజాం రాజ్యం విడిచి చాందా వైపు నది దాటిన తెలుగువారు మొదటివారు. అదే కాలంలో మధ్యపరగణాలు, బేరారుల నుంచి ఎదురుదిశలో నిజాం రాజ్యంలోకి వచ్చిన ముస్లింలు రెండోవారు. 1964 తరువాత తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చి సిర్పూరు–కాగజ్‌నగర్ ప్రాంతంలో స్థిరపడిన బెంగాలీలు మూడోవారు. వీరి రాజకీయ, మత దృక్పథాలను గురించి రాసినవారు చాలావరకు ఒకే సూత్రాన్ని నమ్మారు: మనిషి మతం తెలిస్తే అతని రాజకీయం తెలుస్తుంది, రాజకీయం తెలిస్తే అతను ఎక్కడ ఉండాలనుకుంటాడో తెలుస్తుంది. ప్రభుత్వాలు ఆ సూత్రాన్నే చట్టాలుగా మార్చాయి. ఈ మూడు వలసలనూ పక్కపక్కన పెట్టి చూస్తే వరుస తిరగబడి కనిపిస్తుంది. తిరిగి వెళ్ళగలమన్న ఆశ ఉందా లేదా అన్నదే రాజకీయాన్ని, కొంత మేరకు మతాచరణను సైతం తీర్చిదిద్దింది.

చాందా దారి

ఆదిలాబాద్ జిల్లాకు ఉత్తరాన పెన్‌గంగ, వార్ధా నదులు, తూర్పున ప్రాణహిత, దక్షిణాన గోదావరి ఎల్లలు. కరీంనగర్ జిల్లాకు తూర్పు కొసన మహాదేవపూర్ తాలూకా, కాళేశ్వరం. అక్కడ నది దాటితే సిరొంచ. అది ఆనాడు మధ్యపరగణాల్లోని చాందా జిల్లాలో ఉన్నా, ఆ ప్రాంతపు వాడుక భాష చాలావరకు తెలుగే. ఇవతలి ఒడ్డువారికి అవతలి ఒడ్డున బంధుత్వాలు, అంగడి సంబంధాలు ఉండేవి. 1929లో కాజీపేట–బల్లార్షా రైలు మార్గం పూర్తయ్యాక జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, సిర్పూరుల మీదుగా నేరుగా వార్ధా దాటి బల్లార్షా చేరుకునే వీలు కలిగింది. బల్లార్షా బ్రిటిష్ ఇండియా. రాజ్యం మారినా భాష, బంధుత్వం పూర్తిగా మారని ఈ సరిహద్దు స్వభావాన్ని గమనించకుండా 1947–48 నాటి వలసను అర్థం చేసుకోవడం కష్టం.

ఈ దారి అప్పటికే నలిగిన దారి. 1938లో వందేమాతరం ఉద్యమంలో బహిష్కృతులైన విద్యార్థులకు నాగపూర్ విశ్వవిద్యాలయం ప్రవేశం కల్పించింది. అప్పటి ఉపకులపతి టి.జె. కేదార్ చూపిన చొరవ తెలంగాణ స్మృతి సాహిత్యంలో పదేపదే కనిపిస్తుంది. ఆదిలాబాద్ గోండుల వీరుడు కొమురం భీం సైతం తొలి ఘర్షణ తరువాత బల్లార్షా, చాందాల వైపే తప్పించుకున్నాడని, అక్కడి నుంచి అస్సాం తేయాకు తోటలకు వెళ్ళాడని కథనాలు చెబుతున్నాయి. చదువుకున్న యువకుడికైనా, భూమి కోల్పోయిన గోండుకైనా తప్పించుకునే దిక్కు ఒకటే కావడం గమనించదగ్గది. అయితే భీం వంటివారిని ఎవరూ కాందిశీకులు అనలేదు. ఆ మాట పత్రికల్లో పేరు నమోదయ్యే వర్గాలకే దక్కింది.

1947 ఆగస్టు 7న హైదరాబాద్ స్టేట్ కాంగ్రెస్ 'భారత యూనియన్‌లో చేరిక' దినం పాటించింది. స్వామి రామానంద తీర్థ అరెస్టయిన తరువాత దిగంబరరావు బిందు నాయకత్వంలో కార్యాచరణ సంఘం రాజ్యం వెలుపలి నుంచి పనిచేసింది. విజయవాడ, షోలాపూర్, గదగ్, మన్మాడ్, చాందా వంటి చోట్ల సరిహద్దు శిబిరాలు వెలిశాయి. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలవారికి చాందా సహజమైన ఆశ్రయం. వంగర గ్రామానికి చెందిన పి.వి. నరసింహారావు నాగపూర్‌లో న్యాయశాస్త్రం చదివి, ఈ శిబిరంలోనే పనిచేశారు. 1947 నవంబర్ 29న యథాతథ ఒడంబడిక కుదిరినా పరిస్థితి చల్లబడలేదు. ఖాసిం రజ్వీ నాయకత్వంలోని రజాకార్ల దాడులు 1948 తొలి నెలల్లో ఉధృతమయ్యాయి. కరీంనగర్ జిల్లాలో 1948 మార్చి 14న మహమ్మదాపురం గుట్టల వద్ద అనభేరి ప్రభాకరరావు తన సహచరులతో నేలకొరిగారు. నది దాటేవారి సంఖ్య ఆ నెలల్లో పెరిగింది.

నది దాటినవారు ఎవరు అన్న ప్రశ్నకు స్మృతిగ్రంథాలు పరోక్షంగా జవాబిస్తాయి. వకీళ్ళు, పటేల్ పట్వారీలు, వ్యాపారులు, విద్యార్థులు, భూస్వామ్య కుటుంబాల స్త్రీలు, పిల్లలు ఆ పుటల్లో కనిపిస్తారు. అవతలి ఒడ్డున అద్దె కట్టగలిగినవారు, బంధువు ఇంట దిగగలిగినవారు వెళ్ళారు. పాలేర్లు, కూలీలు, చేతివృత్తులవారు ఎక్కువగా ఊళ్ళలోనే మిగిలారు. కొందరు పగలు పొలంలో, రాత్రి అడవిలో గడిపారు. ఈ భేదం ముఖ్యమైనది. ఎందుకంటే నది దాటిన కుటుంబానికి ఇవతల ఇల్లు ఉంది, పట్టా ఉంది, వసూలు కావలసిన బాకీ ఉంది. తిరిగి రావడం వారికి ఆశ మాత్రమే కాక ఆస్తి విషయం కూడా.

ఈ తిరుగు చూపే శిబిరాల రాజకీయాన్ని నిర్ణయించింది. చాందాలో కొత్త జీవితం కట్టుకోవాలని వెళ్ళినవారైతే మధ్యపరగణాల రాజకీయాల్లో కలిసిపోవలసింది. శిబిరాల దృష్టి అంతా వెనుకనే ఉంది. కరోడ్‌గిరి నాకాల మీద దాడులు, పట్వారీల రాజీనామాలు, ఆయుధాల సేకరణ, రజాకార్ల అత్యాచారాల వార్తలను నాగపూర్, బొంబాయి పత్రికలకు చేరవేయడం వారి పని. ఆర్యసమాజం ప్రభావం బలంగా ఉన్నా, 1938–39 సత్యాగ్రహం నాటి మతస్వాతంత్ర్య భాష 1948 నాటికి విలీన భాషగా మారింది. మతం అక్కడ లేదనడం పొరపాటు. రజాకార్లను వర్ణించే మాటల్లో మతం నిండుగా ఉంది. కాని ఆ శత్రుభావన తిరిగి వెళ్ళగానే పొరుగువాడితో ఎలా బతకాలి అన్న ప్రశ్నను ఎదుర్కొనవలసిందే. ఆ ప్రశ్నకు శిబిరాల్లో సిద్ధమైన జవాబు లేదు. దాని ఫలితం 1948 సెప్టెంబర్ తరువాత కనిపించింది.

తిరిగి రావడం ఆశించినంత త్వరగానే జరిగింది. 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్య 17న ముగిసింది. చాందా నుంచి వచ్చినవారిలో పలువురు నూతన రాజకీయ వ్యవస్థకు నాయకులయ్యారు. పి.వి. తన బంధువు పాములపర్తి సదాశివరావుతో కలిసి వరంగల్ నుంచి 'కాకతీయ పత్రిక' నడిపారు. 1952 ఎన్నికల్లో ఆయన కరీంనగర్ ప్రాంతంలో కమ్యూనిస్టు నాయకుడు బద్దం ఎల్లారెడ్డి చేతిలో ఓడిపోయారు. 1957లో మంథని నుంచి శాసనసభకు గెలిచారు. ఒక్క ఎన్నికను బట్టి తీర్పు చెప్పడం తగదు. అయినా, నది దాటి వెళ్ళి వచ్చినవారికీ ఊళ్ళోనే ఉండి దెబ్బలు తిన్నవారికీ మధ్య ఒక ఎడం ఏర్పడిందనీ, మొదటి ఎన్నికలో అది కొంత పలికిందనీ ఊహించడానికి అవకాశముంది.

పెన్‌గంగ దాటి వచ్చినవారు

అదే 1947–48లో వ్యతిరేక దిశలో జరిగిన వలస గురించి తెలుగులో చాలా తక్కువగా రాశారు. విభజన అల్లర్ల భయంతో, ఆ తరువాత జీవనోపాధి నశించి, మధ్యపరగణాలు, బేరారు, బొంబాయి రాష్ట్రాల ముస్లింలు హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చారు. ఆదిలాబాద్ పొరుగునున్న యవత్‌మాల్ బేరారు జిల్లా. బేరారు సంగతి ప్రత్యేకమైనది. 1853లో నిజాం ప్రభువు దాన్ని ఈస్టిండియా కంపెనీకి అప్పగించవలసి వచ్చింది. 1902లో అది శాశ్వత కౌలు అయింది. 1936 ఒప్పందంలో నిజాం సార్వభౌమత్వాన్ని నామమాత్రంగా గుర్తించి, యువరాజుకు 'ప్రిన్స్ ఆఫ్ బేరార్' బిరుదు అంగీకరించారు. కనుక పెన్‌గంగ దాటి ఆదిలాబాద్ చేరిన యవత్‌మాల్ ముస్లిం తాను పరాయి రాజ్యానికి వచ్చానని అనుకోనవసరం లేదు. చాందా చేరిన కరీంనగర్ పట్వారీకి భాష ఎలా ఆసరా అయిందో, ఇతనికి రాజు పేరు అలా ఆసరా అయింది.

ఇతన్ని 'ముహాజిర్' అని పిలవడంతోనే ఒక ఉద్దేశం ఆరోపించినట్లయింది. బహదూర్ యార్ జంగ్ కాలం నుంచీ మజ్లిస్-ఎ-ఇత్తెహాదుల్ ముస్లిమీన్ ప్రచారం చేసిన 'అనల్ మాలిక్' సిద్ధాంతం రాజ్యంలోని ప్రతి ముస్లిమూ సార్వభౌమత్వంలో భాగస్వామి అని చెప్పింది. వచ్చినవాడు ఆశ్రయం కోరడం లేదు, తన వాటాకు వచ్చాడు అన్న అర్థాన్ని ఇత్తెహాద్ ఉపన్యాసాలు ఇచ్చాయి. భారత ప్రభుత్వ వర్గాలు కూడా అదే అర్థాన్ని తలకిందులుగా స్వీకరించాయి. జనాభా నిష్పత్తిని మార్చడానికి నిజాం ప్రభుత్వం వీరిని తెప్పిస్తున్నదన్నది ఆనాటి ఆరోపణ. ఇరుపక్షాలూ ఒక విషయంలో ఏకీభవించాయి: ముస్లిం కనుక ఉండిపోవడానికే వచ్చాడు. నాగపూర్ మిల్లు పనో, అమరావతి పత్తి బజారులో హమాలీ పనో పోగొట్టుకుని, అల్లర్లు సద్దుమణిగితే తిరిగి పోదామనుకున్న మనిషికి ఈ రెండు వాదాల్లోనూ చోటు లేదు.

ఇక్కడ దళితుల ప్రసక్తి తేవలసి ఉంది. బి.ఎస్. వెంకట్రావు లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యాశాఖ నిర్వహించారు. బి. శ్యాంసుందర్ 1948 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన నిజాం ప్రతినిధి వర్గంలో సభ్యుడు. సవర్ణ హిందూ ఆధిపత్యం కన్నా ముస్లిం రాజ్యంతో పొత్తు మేలన్నది వారి రాజకీయ అంచనా. అదే అంచనాతో బెంగాల్ నామశూద్ర నాయకుడు జోగేంద్రనాథ్ మండల్ పాకిస్తాన్ తొలి న్యాయశాఖ మంత్రి అయ్యారు. 1950 అక్టోబర్‌లో రాజీనామా చేసి భారతదేశానికి వచ్చేశారు. ఈస్‌గాం కథ మండల్ రాజీనామాకు పద్నాలుగేళ్ళ తరువాత మొదలవుతుంది. మతమే రాజకీయాన్ని నిర్ణయిస్తుందన్న సూత్రం హైదరాబాద్‌లోనూ ఢాకాలోనూ ఒకే కాలంలో, ఒకే తరహా మనుషుల విషయంలో పొసగలేదన్నది ప్రస్తుతానికి గుర్తుంచుకుంటే చాలు.

పోలీసు చర్య తరువాత దిశలు మారాయి. బయటి ప్రాంతాల నుంచి వచ్చిన ముస్లింలను స్వస్థలాలకు పంపించడం మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి సైనిక పాలన విధానమైంది. మరోవైపు, ఈ నేలమీదే పుట్టి పెరిగిన ముస్లింలు పల్లెలు విడిచి జిల్లా కేంద్రాలకు, హైదరాబాద్ నగరానికి చేరారు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీల బృందం 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 వరకు పర్యటించి, మొత్తం రాజ్యంలో 27,000 నుంచి 40,000 మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 వరకు ప్రజలకు అందుబాటులోకి రాలేదు. అతి తీవ్రంగా దెబ్బతిన్నవిగా అది ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లను పేర్కొంది. తరువాతి వరుసలో ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ ఉన్నాయి. కరీంనగర్, ఆదిలాబాద్ ఈ ఎనిమిదింటిలో లేవు. దీన్ని బట్టి ఈ రెండు జిల్లాల్లో ఏమీ జరగలేదని అనుకోరాదు. చావులు తక్కువైన చోట కూడా భయం ఊళ్ళను ఖాళీ చేయించగలదు. ఆదిలాబాద్‌కు ఆనుకునే నాందేడ్ ఉంది.

ఈ భయానికి చట్టం మరొకటి జోడించింది. 1950 నాటి కాందిశీకుల ఆస్తుల నిర్వహణ చట్టంలో దేశం విడిచి వెళ్ళినవారితో పాటు వెళ్ళ 'నుద్దేశించినవారు' అనే వర్గం ఉంది. పాకిస్తాన్‌కు డబ్బు పంపడం, అక్కడ ఆస్తి సంపాదించడం వంటి పనుల నుంచి ఒక వ్యక్తి మనసులోని వలస ఉద్దేశాన్ని అధికారి నిర్ధారించవచ్చు. కరాచీలో చదువుతున్న కొడుక్కి డబ్బు పంపిన తండ్రి అనుమానానికి గురి కాగలడు. 1953 సవరణతో ఆ వర్గం తొలగిపోయింది. ఉద్దేశం అనేది నేరంగా కాకపోయినా ఆస్తిపై ఆంక్షకు కారణంగా ఒక శాసనంలో చోటు చేసుకోవడం భారత న్యాయచరిత్రలో అరుదైన సంగతి. అస్సాం, పశ్చిమ బెంగాల్, త్రిపుర, మణిపూర్, జమ్మూ కాశ్మీరులకు ఆ చట్టం వర్తించలేదు. హైదరాబాద్‌కు వర్తించింది. తూర్పు సరిహద్దు రాష్ట్రాలను మినహాయించడానికి వెనుక ఉన్న ఆలోచన తరువాతి కథకు కీలకం.

ఈస్‌గాం

1950 ఏప్రిల్ 8 నాటి నెహ్రూ–లియాఖత్ ఒప్పందం తూర్పు బెంగాల్ వలసను తాత్కాలికమని భావించింది. వెళ్ళినవారి స్థిరాస్తి హక్కు చెక్కుచెదరదని, 1950 డిసెంబర్ 31 లోపు తిరిగి వచ్చినవారికి ఇల్లూ పొలమూ అప్పగించాలని అందులో ఉంది. పంజాబ్ నుంచి వచ్చినవారు తిరిగి వెళ్ళరు కనుక 1954 చట్టం ద్వారా వారికి నష్టపరిహారం లభించింది. తూర్పు నుంచి వచ్చినవారు తిరిగి వెళ్ళగలరు కనుక వారికి నష్టపరిహారం లేదు, 'పునరావాసం' మాత్రమే. వెనుకకు చూసే ఉద్బాస్తు చూపును ప్రభుత్వం తన లెక్కల్లో ఆదాగా మార్చుకుందన్నమాట. 1963 డిసెంబర్ చివర శ్రీనగర్ హజ్రత్‌బల్ ఘటన తరువాత 1964 జనవరిలో ఖుల్నా, ఢాకాల్లో హింస చెలరేగి మళ్ళీ జనం కదిలినప్పటికి, తిరిగి వెళ్ళే మాట ఎవరి నోటా లేదు. 1964 జనవరి 1 నుంచి 1971 మార్చి 25 వరకు వచ్చినవారిని ప్రభుత్వం 'కొత్త వలసదారులు' అంది. పశ్చిమ బెంగాల్ వెలుపలికి వెళ్ళడానికి ఒప్పుకుంటేనే వారికి సహాయం.

రాయపూర్ దగ్గరి మానా శిబిరం వారి మజిలీ. 1958లో ఏర్పడిన దండకారణ్య అభివృద్ధి సంస్థ కోరాపుట్, కలహండి, బస్తర్‌లలో వారికి భూములు చూపింది. దండకారణ్యం చాలకపోవడంతో చాందా, బేతుల్, రాయచూరు జిల్లా సింధనూరు వంటి చోట్ల విడి ప్రాజెక్టులు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఆదిలాబాద్ జిల్లా ఈస్‌గాం అటువంటి ప్రాజెక్టుకు కేంద్రమైంది. కాగజ్‌నగర్ స్టేషన్‌కు సమీపంలోని ఈ ప్రాంతంలోనూ, ప్రాణహిత దిక్కు గ్రామాల్లోనూ బెంగాలీ స్థావరాలు ఏర్పడ్డాయి. 1948లో కరీంనగర్ కాందిశీకులను ఉత్తరానికి మోసిన రైలు మార్గమే వీరికీ ఆధారమైంది.

ఈ స్థావరాల పేర్లలో రెండింటిని ప్రత్యేకంగా గమనించాలి. ఒకటి రవీంద్రనగర్, మరొకటి నజ్రుల్‌నగర్. మతహింస వల్ల ఇల్లు విడిచిన హిందువులు తమ ఊరికి కాజీ నజ్రుల్ ఇస్లాం పేరు పెట్టుకోవడం చాందా శిబిరాల రాజకీయంతో పోల్చితే ఆశ్చర్యం కలిగిస్తుంది. పేరు అధికారులు పెట్టారా, ప్రజలు పెట్టుకున్నారా అన్నది వేరే ప్రశ్న. అర్ధశతాబ్దికి పైగా ఆ పేరును మార్చుకోకపోవడం మాత్రం వారి నిర్ణయమే. శ్యామాసంగీతం రాసిన ముస్లిం కవి నజ్రుల్. 1972లో ఆయన్ను బంగ్లాదేశ్ ఢాకాకు తీసుకెళ్ళి గౌరవించింది, 1976లో అక్కడే మరణించారు. నజ్రుల్ పేరులో కాగజ్‌నగర్ బెంగాలీ రైతు ఏం చూస్తున్నాడు? మతసామరస్య సందేశం కన్నా ఎక్కువగా పోయిన ఊరి భాషను, పాటను చూస్తున్నాడని అనుకోవడం సమంజసం. విభజన తరువాతి బెంగాలీ జ్ఞాపక రచనలను పరిశీలిస్తూ దీపేష్ చక్రవర్తి 1996లో రాసిన వ్యాసం, వాస్తు అన్న భావనలో నేల, పూర్వీకులు, పవిత్రత పెనవేసుకున్న తీరును చూపింది. అందమైన గ్రామం, పూజామండపం, నది ఆ రచనల్లో కనిపిస్తాయి. అవి ఎక్కువగా భద్రలోకుల జ్ఞాపకాలు, ముస్లిం పొరుగువాడికి వాటిలో చోటు కొంచెమే అని కూడా ఆ వ్యాసం గుర్తించింది. అటువంటి జ్ఞాపకాలు రాసుకునే తీరిక ఈస్‌గాం వారికి దొరకలేదు. వారి జ్ఞాపకం ఊరి పేరులో నిలిచింది.

1960ల వలసదారుల్లో నామశూద్రులు అధికం. హరిచాంద్ ఠాకూర్ (1812–1878) స్థాపించిన మతువా సంప్రదాయం ఆ కులం ఆత్మగౌరవానికి ఆలంబన. వైదిక కర్మకాండను, కులాధిక్యాన్ని కాదని నామసంకీర్తనకు, శ్రమకు, ఆయన కుమారుడు గురుచాంద్ కాలం నుంచి చదువుకు పెద్దపీట వేసిన సంప్రదాయం అది. తూర్పు బెంగాల్‌లో తమను అస్పృశ్యులుగా చూసినవారు హిందువులు, 1950లోనూ 1964లోనూ ఇళ్ళు తగులబెట్టినవారు ముస్లింలు. వీరి మతదృక్పథాన్ని 'హిందూ శరణార్థి' అన్న ఒక్క మాటలో చెప్పడం అందువల్ల సాధ్యపడదు. తెలంగాణ నేలపై వీరి ఉమ్మడి గుర్తింపుకు ప్రధాన చిహ్నం దుర్గాపూజ. తూర్పు బెంగాల్ గ్రామాల్లో జమీందారుల, భద్రలోకుల ఇళ్ళ ఉత్సవంగా పెరిగిన ఆ పూజ, ఇక్కడ మధ్యలో జమీందారు లేకుండా మొత్తం ఊరి పండుగైంది. పొరుగు తెలుగువారి బతుకమ్మ కూడా అదే మాసంలో వస్తుంది. మతం ఇక్కడ పోయిన దేశంతో సంబంధం తెంపకుండా, ఉన్న ఊరితో సంబంధం కలుపుకునే సాధనమైంది.

రాజకీయంగా పశ్చిమ బెంగాల్ శరణార్థులు వామపక్షం వైపు మొగ్గారు. 1950లో ఏర్పడిన యునైటెడ్ సెంట్రల్ రెఫ్యూజీ కౌన్సిల్ కలకత్తా కాలనీల్లో కమ్యూనిస్టులకు బలమిచ్చిన తీరును ప్రఫుల్ల చక్రవర్తి 1990లో వివరించారు. శరణార్థి అంటే మితవాది అన్న సాధారణ అంచనాను ఆ ఒక్క ఉదాహరణే దెబ్బతీస్తుంది. కాని 1977లో వామపక్షం అధికారంలోకి వచ్చాక, ఆ మాటలను నమ్మి 1978లో దండకారణ్యం వదిలి సుందరవనాల్లోని మరిచ్‌ఝాపి చేరినవారికి ఎదురైంది 1979 జనవరి దిగ్బంధం, జనవరి 31 కాల్పులు, మే నెలలో ఖాళీ చేయింపు. ఉద్బాస్తు తిరుగు చూపు కార్యరూపం దాల్చిన ఒకే ఒక్క పెద్ద సందర్భం ఇది. అప్పుడు కూడా వారు ఖుల్నాకు పోలేదు. తమ భాష మాట్లాడే రాష్ట్రంలో ఒక దీవి కోరారు. ఇల్లు అన్న మాటకు అర్థం ముప్పై ఏళ్ళలో దేశం నుంచి భాషకు జరిగింది.

దండకారణ్య సంస్థ పరిధి వెలుపల ఉన్న ఈస్‌గాం ప్రాంతపు స్థావరాలు నిలిచాయి. వరి పొలాలు, చేపల చెరువులు, కాగజ్‌నగర్ అంగడి, రైలు వారిని పట్టి ఉంచాయి. సిర్పూరు శాసనసభ స్థానంలో వారి ఓటును ఏ పార్టీ కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు. అయితే వారు స్థిరపడిన నేల చరిత్రను మరచిపోకూడదు. 1940లలో హైమన్‌డార్ఫ్ ఆదిలాబాద్‌లో చూసింది, బయటి నుంచి వచ్చిన సేద్యగాళ్ళ ఒత్తిడికి గోండులు, కోలాములు భూమి కోల్పోతున్న దృశ్యం. ఆయన సలహాల మేరకు నిజాం ప్రభుత్వం గిరిజన ప్రాంతాల క్రమబద్ధీకరణ చట్టం తెచ్చింది. అటువంటి జిల్లాను ఖాళీ నేలగా భావించి పునరావాసానికి ఎంచుకోవడం ఢిల్లీ కాగితాల మీద సులువైంది. ఒక నిర్వాసితుడికి ఇచ్చిన భూమి చుట్టూ, కాందిశీకులన్న పేరైనా దక్కని మరికొందరు నిర్వాసితులు ఉన్నారు.

ఇక లెక్కల సంగతి. 1951 జనగణన 'నిర్వాసితుడి'ని స్పష్టంగా నిర్వచించింది: 1947 మార్చి 1 తరువాత పశ్చిమ పాకిస్తాన్ నుంచి, లేదా 1946 అక్టోబర్ 15 తరువాత తూర్పు పాకిస్తాన్ నుంచి, అల్లర్ల వల్ల గాని వాటి భయం వల్ల గాని ఇల్లు వదిలి వచ్చినవాడు. చాందాకు పోయి తిరిగి వచ్చిన కరీంనగర్ వకీలు ఈ నిర్వచనంలో పడడు. పెన్‌గంగ దాటి వచ్చి, మళ్ళీ పంపబడిన యవత్‌మాల్ కూలీ పడడు. పల్లె విడిచి హైదరాబాద్ బస్తీ చేరిన ముస్లిం కుటుంబమూ పడదు. 1956లో రాజూరా, కిన్వట్ తాలూకాలు ఆదిలాబాద్ నుంచి విడిపోయి నాందేడ్‌లో కలిశాయి. 1959లో రాజూరా చాందా జిల్లాకు చేరింది. ఒకనాడు ప్రాణాలు అరచేత పట్టుకుని దాటిన వార్ధా నది ఆ చోట రెండు తాలూకాల మధ్య ఏరుగా మిగిలింది. ఆ దాటింపులు ఏ పట్టికలోనూ లేవు.

నిర్వచనంలో అక్షరాలా పడే ఈస్‌గాం బెంగాలీలకు మాత్రం వేరొక పట్టిక అడ్డువచ్చింది. నామశూద్రులు పశ్చిమ బెంగాల్‌లో షెడ్యూల్డు కులం. తెలంగాణ జాబితాలో ఆ కులం లేదు. షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు 1950 ఆగస్టు 10 నాటిది. కులధ్రువీకరణ కోరే వ్యక్తి తన కుటుంబం ఆ తేదీన ఏ రాష్ట్రంలో నివసించిందో చూపవలసి ఉంటుంది. ఖుల్నా, బరిశాల్, ఫరీద్‌పూర్ నాడు ఏ భారత రాష్ట్రంలోనూ లేవు. మతం కారణంగా వచ్చినవారని పునరావాస శాఖ వారిని చేర్చుకుంది, కులం కారణంగా రావలసిన హక్కుకు మాత్రం వారు వచ్చిన చోటు అడ్డమైంది. తమను షెడ్యూల్డు కులంగా గుర్తించాలన్న అర్జీ నజ్రుల్‌నగర్, రవీంద్రనగర్ వాసుల నుంచి ఎన్నికకో మారు నాయకుల చేతికి అందుతూనే ఉంది. అందులో స్వస్థలం అన్న గడి దగ్గర రాసే జిల్లా పేరు ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్.